గాజు గదిలో అవ్వ

పద్మనగర్, భివండి
దసరా వెళ్లిన వారం, 1998

ఓదెమ్మ అక్కకు,

తమ్ముడు అంకుశం మొక్కి రాస్తున్నది. ఇక్కడ నేను, నీ మరదలు సుశీల, మన మరమగ్గాల సాంచాలు అందరం నడుస్తూనే ఉన్నాం. మెట్‌పల్లిలో నువ్వు, బావ క్షేమమని తలుస్తాను. ఫోన్ చేయలేదని మనసులో పెట్టుకోకు. ఎస్టీడీ బూత్‌లో ఆ గరగర మధ్య నీ మాట ఒక్కటీ నాకు అందదు. మనిద్దరికీ ఉత్తరమే నయం.

నా జతగాడు హనుమాండ్లు చేతికిచ్చి నువ్వు పంపిన క్యాసెట్ అందింది. మనల్ని కన్న అవ్వ పోయిన ఇన్ని నెలలకు ఆమె గొంతు మళ్లీ మా ఇంట్లో పలికింది. సుశీల దీపం ముట్టించి మరీ టేపురికార్డర్ ముందు కూర్చుంది. బతుకమ్మ పాటలన్నీ ఉన్నాయి. రాగం తెలుస్తోంది గాని మాటలు సగం పోతున్నాయి. మా పాత టేపురికార్డర్ పని అయిపోయినట్టుంది. పైగా నువ్వు ఏ మరమగ్గాల షెడ్డు పక్కన కూర్చుని నింపావో గాని, క్యాసెట్ పొడుగునా సాంచాల హోరే.

పాటలు అయిపోయాక చివర్లో అవ్వ నీతో ఏదో మాట్లాడింది. 'అంకుశం' అని నా పేరు తెలిసింది. ఆ తర్వాత గొంతు తగ్గించింది. తిప్పి తిప్పి విన్నాను, ఏమన్నదో అందలేదు. సుశీలను అడిగితే "నాకు సుత సరిగ్గ ఇనవడ్తలేదు" అని లేచి వంటింట్లోకి పోయింది.

ఆ మాట కోసం నేనెందుకింత కొట్టుకుంటున్నానో నీకు చెప్పాలి. పోయిన పుష్యమాసంలో అవ్వ మా దగ్గరికి వచ్చింది కదా. శివరాత్రి దాకా ఉంటానన్న మనిషి కొన్నాళ్లకే నాతో మాట్లాడటం తగ్గించింది. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి సాంచాలు ఆగి ఉన్నాయి. అదే సందని నేను షెడ్డులో వంగి తెగిన పోగులు అతుకుతున్నాను. లేచి ఇంట్లోకి వచ్చేసరికి అవ్వ లేదు. సంచి సర్దుకుని, ఊరికి పోతున్న హనుమాండ్లుతో బయలుదేరిపోయిందట. మనలో ఎంత కోపమున్నా గడప దాటేవాళ్లు 'పోయొస్త' అంటారు, ఇంట్లో ఉన్నవాళ్లు 'పోయిరా' అంటారు. ఆ రెండు మాటలు లేకుండా ఇంటి నుంచి కదిలేది పాడె ఒక్కటే. మా అవ్వ నాకు ఆ మాట చెప్పకుండా పోయింది. ఎండాకాలంలో కబురొచ్చి నేను చేరేసరికి అంతా అయిపోయింది. నేనేం తప్పు చేశానో ఈనాటికీ తెలియదు. కోపంతోనే పోయిందా, పోయేలోగా మనసు మెత్తబడిందా అన్నది ఆ చివరి మాటలోనే ఉంటుందని నా నమ్మకం.

అందుకే మంచి సెట్టు ఒకటి కొనదలచాను. బొంబాయిలో గ్రాంట్ రోడ్ వైపు పెద్ద దుకాణాలున్నాయట. మన క్యాసెట్ మనమే తీసుకుపోయి, మెత్తటి గదిలో కూర్చుని, నచ్చేదాకా విని కొనవచ్చని హనుమాండ్లు ఎవరి దగ్గరో విని వచ్చాడు. బట్ట తాను కొనే దళారి వేళ్ల మధ్య నలిపి చూడనిదే బేరానికి రాడు. వినే పెట్టెను వినకుండా నేను మాత్రం ఎలా కొంటాను?

సాంచాల మోతలో ఆ కొసన సుశీల పెదవి కదిపితే ఈ కొసన నాకు మాట అందుతుంది. పద్మనగర్‌లో ఆ పెదవుల మాట నా అంత బాగా ఎవరికీ రాదని పేరు. అలాంటివాడికి కన్నతల్లి మాట అందకపోవడం ఏమిటక్కా! నీకు గుర్తుంటే ఆమె ఏమన్నదో రాయి. ఈలోగా నేను బొంబాయి వెళ్లి చూస్తాను.

నీ తమ్ముడు
అంకుశం


మెట్‌పల్లి
కార్తీక పున్నమ

తమ్మి అంకుశానికి,

అక్క ఓదెమ్మ దీవించి రాస్తున్నది. మీ బావకు మోకాళ్ల నొప్పులు, నాకు బీడీలు. ఎవరి పని వారికి సరిపోయింది.

నీ ఉత్తరం చదివి బీడీల చాట పక్కన పెట్టి ఇది రాస్తున్నాను. ఆ క్యాసెట్ నేను నింపింది మా ఇంటి ముందు పందిరి కింద. అప్పుడు కరెంటు కూడా లేదు. పక్కింటి వాళ్ల టేపులో బ్యాటరీలు వేసి నింపాను. మా వాడలో మగ్గాలు ఎప్పుడో పోయాయి, మరమగ్గాలు రానే లేదు. సిరిసిల్లలో అయితే ఉండేవేమో గాని ఇక్కడ సాంచె ఎక్కడిది తమ్మీ? నీకు వినపడాల్సింది ఒకటే చప్పుడు, నా కత్తెర. అవ్వ పాడుతుంటే నేను బీడీ ఆకు కత్తిరిస్తూనే ఉన్నాను. ఆనాటి లెక్క ఆనాడు కట్టాలి కదా. పాట పొడుగునా కిచకిచమని ఆ కత్తెర అడ్డం వచ్చి ఉంటుంది. అందుకు మాత్రం నన్ను తిట్టు.

పాటలు అయిపోగానే మీట నొక్కాననుకున్నాను. సరిగా పడనట్టుంది. అవ్వ తర్వాత మాట్లాడింది కూడా ఎక్కిందని నీ ఉత్తరం చూసేదాకా నాకు తెలియదు. తెలిస్తే క్యాసెట్ పంపేదాన్ని కానేమో. ఎందుకని అడగకు. ముసలామె ముచ్చట్లకు అర్థాలు వెతకొద్దు. దానికోసం బొంబాయి తిరిగి పెద్ద సెట్టు కొనడమంటే కొండను తవ్వి ఎలుకను పట్టడమే. అవ్వ పోయేనాటికి ఆమెకు నీ మీద కోపం లేదు. నా పిల్లల మీద ఒట్టు. ఇంతకన్నా నా నోటితో చెప్పించకు.

చిన్నప్పుడు నీకు జలుబు చేస్తే అవ్వ వెల్లుల్లి వేసి నూనె కాచి నీ చెవుల్లో పోసేది. నువ్వు వాడంతా వినపడేటట్టు ఏడ్చేవాడివి. ఇప్పుడు ఎవరైనా పోస్తున్నారా? ఊరికే గుర్తొచ్చి అడిగాను.

సుశీలను అడిగినట్టు చెప్పు.

నీ అక్క
ఓదెమ్మ


పద్మనగర్, భివండి
మార్గశిర మాసం

ఓదెమ్మ అక్కకు,

అంకుశం రాస్తున్నది. నీ ఉత్తరం చదివాక నాకు కోపం వచ్చింది. అది దాచుకుని రాయడం నాకు చేతకాదు, ఉన్నదున్నట్టు రాస్తాను.

నేను, హనుమాండ్లు కలిసి బొంబాయిలో రెండు దుకాణాలు చూశాము. మొదటి దాంట్లో టై కట్టుకున్న పిల్లగాళ్లు మా బట్టలు చూసి వాళ్లలో వాళ్లు నవ్వుకున్నారు. అయినా కూర్చోబెట్టారు. నా ఎత్తు ఉన్న స్పీకర్లు రెండు పక్కలా నిలబెట్టి, ముందు ఏదో జలపాతం చప్పుడు వినిపించారు. తర్వాత తబలా. తబలా దెబ్బ వచ్చి రొమ్ముకు తగిలింది, అబద్ధం చెప్పను. అవి కాదు నా క్యాసెట్ పెట్టమన్నాను. అవ్వ గొంతు గది నిండా పెద్దదై వచ్చింది. మధ్యలో ఆమె ఊపిరి కోసం ఆగడం కూడా తెలిసింది. కాని వెనుక అదే సాంచాల హోరు. చివరి మాట దగ్గరికి వచ్చేసరికి అంతా ముద్దగా కలిసిపోయింది. సెట్టులో మోత ఉందని చెప్పాను. లేదన్నారు. ఉందని నేను, లేదని వాళ్లు. రెండో దుకాణంలో ఇంకా ఖరీదైన సెట్టు పెట్టించుకున్నాను. అందులోనూ అంతే. అక్కడ వాళ్లు మమ్మల్ని మర్యాదగానే బయటికి పంపారు.

ఇక నీ కత్తెర సంగతి. రెండు చోట్లా చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. కత్తెర లేదు, గిత్తెర లేదు. నా ఒక్కడి మాట ఎందుకని హనుమాండ్లును కూడా వినమన్నాను. వాడు నాలాగే మీసాలు రాకముందు నుంచి సాంచాల మీద బతికినవాడు, చప్పుళ్లు తెలిసినవాడు. కళ్లు మూసుకుని విని, "కత్తెర లేదురా అంకుశం, ఉంటె నాకు దొరకదా" అన్నాడు. ఇద్దరం కలిసి తేల్చాము. నువ్వు కత్తెరతో నింపిన క్యాసెట్ ఇది కాదు. ఇది ఎక్కడో షెడ్డు పక్కన కూర్చుని దానికి తీసిన నకలు. అసలుది నీ దగ్గరే ఉంది. చివరి మాట నాకు తెలియకుండా చెరిపి పంపావు.

సొంత అక్కవు, నాతో ఇంత ఆట ఎందుకు? అవ్వ నన్ను శపించిందా? అదే అయితే అదే రాయి. తల్లి శాపమైనా చెవిన పడితే మోస్తాను. ఏమన్నదో తెలియకుండా మాత్రం మోయలేకపోతున్నాను. కరెంటు పోయి సాంచాలు ఆగినప్పుడల్లా అవ్వ ఇప్పుడే గడప దాటి పోయినట్టు ఉంటుంది నాకు.

అంకుశం


మెట్‌పల్లి
మార్గశిరం చివర

తమ్మీ,

నీ ఉత్తరం మీ బావకు చూపించలేదు. చూపిస్తే ఆయన నిన్ను ఏమీ అనడు, నన్నే జాలిగా చూస్తాడు. అది నాకు ఇష్టం లేదు.

క్యాసెట్ ఒక్కటే. అది నీ దగ్గరే ఉంది. నకలు తీయడం నాకు రాదు, తీయించడానికి మనసూ రాదు. అవ్వ గొంతు ఈ ఇంట్లో ఉంటే బీడీలు చుట్టలేనని నీకు పంపేశాను. అది నీకు తెలియదు కాబట్టి నిన్ను ఏమీ అనడం లేదు. కాని ఏడ్చాను, అది మాత్రం రాస్తున్నాను.

అవ్వ ఏమన్నదో నాకు తెలుసు. నీకు చెప్పొద్దని మాట తీసుకుంది. చనిపోయిన మనిషికి ఇచ్చిన మాట నేనెలా తప్పాలి? కాని దేవుడు ఆ మీట పడకుండా చేశాడు. తన నోటితో తనే చెప్పుకుంది. కాబట్టి నువ్వు ఆమె దగ్గరే తెలుసుకో.

ఒక్క పని చెయ్యి. ఈసారి హనుమాండ్లును తీసుకుపోకు, సుశీలను తీసుకుపో. పక్కన కాదు, నీకు ఎదురుగా కూర్చోబెట్టుకో. ఇక దాచింది చాలని వదినె అన్నదని ఆమెతో చెప్పు. ఆమెకు తెలుస్తుంది.

ఓదెమ్మ


పద్మనగర్, భివండి
సంక్రాంతి ముందు, 1999

అక్కా,

ఈ ఉత్తరం రాయడానికి చాలాసార్లు కూర్చుని లేచాను. జరిగింది జరిగినట్టు చెబుతాను. 

నీ మాట చెప్పగానే సుశీల లేచి చీర మార్చుకుంది. కల్యాణ్ దాకా రిక్షాలో, అక్కడి నుంచి లోకల్ రైల్లో వెళ్లాము. ఇంతకుముందు చూసిన దుకాణాలు కాకుండా, సందులో లోపలికి ఉన్న ఒక పాత దుకాణానికి వెళ్లాము. యజమాని ముసలి పార్సీ ఆయన. మా బట్టలు చూడలేదు, చేతిలో క్యాసెట్ చూశాడు. ఎవరి గొంతు అని అడిగాడు. మా అవ్వది అన్నాను. తన రుమాలుతో క్యాసెట్ తుడిచి మమ్మల్ని లోపలి గదిలోకి తీసుకుపోయాడు.

ఆ గదికి ముందువైపు గాజు గోడ. కింద మందపాటి తివాచీ, మిగతా గోడలకు మెత్తటి గుడ్డ. లోపల ఎంత అరిచినా బయటికి పోదని, బయటి చప్పుడు లోపలికి రాదని చెప్పి తలుపు వేశాడు. నేను ఒక కుర్చీలో, సుశీల నాకు ఎదురుగా ఒక కుర్చీలో కూర్చున్నాము. అవ్వ పాట మొదలైంది. కాసేపటికి చూద్దును కదా, సుశీల కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, ఒళ్లో పెట్టుకున్న చేతి వేళ్లు రెండు కత్తెరలా ఆడుతున్నాయి. ఆమెకు తెలియకుండానే ఆడుతున్నాయి. ఏందది అని అడిగాను. "వదినె కత్తెర" అన్నది. ఎక్కడ అన్నాను. ఆమె స్పీకరు వైపు వేలు చూపించింది.

నేను ముసలాయన వైపు తిరిగి అలవాటు ప్రకారం గొడవకు దిగాను. ఇందులో సాంచాల మోత ఉంది, ఈ సెట్టు కూడా పనికిరాదు అన్నాను. ఆయన వాదించలేదు. క్యాసెట్ ఆపాడు. ఇప్పుడు అన్నట్టు చూశాడు. ఉంది అన్నాను. సెట్టు ఆపాడు. ఉంది అన్నాను. వంగి గోడలోంచి తీగ పీకి చేతిలో పట్టుకుని చూపించాడు. సెట్టు మీది ఎర్ర దీపం కూడా ఆరిపోయింది.

ఇంకా ఉంది అక్కా. సాంచె అన్నది లేని ఆ గదిలో, పద్మనగర్‌కు అంత దూరాన, సాంచాలు నడుస్తూనే ఉన్నాయి.

ఆయన నా ముఖంలోకి చూస్తూ నిదానంగా, "సేఠ్, యే ఆవాజ్ మషీన్ కీ నహీ హై" అన్నాడు. మషీన్‌ది కాదని ఆయన అన్నాక అది ఇంకెక్కడిదో నాకు ఎవరూ చెప్పనవసరం లేకపోయింది. కరెంటు పోయినప్పుడు కూడా ఎక్కడో ఒక షెడ్డు నడుస్తున్నట్టే ఉండేది నాకు. ఎవరికో జనరేటర్ ఉందనుకునేవాణ్ణి. ఫోన్‌లో గరగర అనుకున్నాను. పాత టేపురికార్డర్ అనుకున్నాను. చివరికి నిన్ను దొంగను చేశాను. నా చెవులు పోయాయన్న ఒక్క మాట తప్ప అన్నీ అనుకున్నాను. హనుమాండ్లు చెవులు కూడా పోయాయి, పాపం అప్పటికి వాడికీ తెలియదు. ఇద్దరు చెవిటివాళ్లం బొంబాయికి పోయి పాటల పెట్టెలకు వంకలు పెట్టి వచ్చామన్నమాట.

సుశీల వైపు తిరిగాను. తెలుసా అని అడిగాను. తల ఊపింది. ఎన్నాళ్ల నుంచి అని అడగబుద్ధి కాలేదు. ఇంట్లో ఎవరు ఏం చెప్పాలన్నా నా ముందుకొచ్చి నిలబడి చెప్పేది ఎందుకో అప్పుడు అర్థమైంది. యజమానినని మర్యాద చేస్తున్నారనుకుని మురిసిపోయేవాణ్ణి.

ముసలాయనను మళ్లీ తీగ పెట్టి చివరి భాగం వేయమన్నాను. సుశీలతో, "నువ్వు ఇని చెప్పు. సాంచాల కాడ చెప్పినట్టు చెప్పు" అన్నాను. ఆమె కళ్లు తుడుచుకుని ముందుకు జరిగింది. అవ్వ మాట్లాడటం మొదలుపెట్టింది. సుశీల చప్పుడు లేకుండా పెదవులు కదిపింది. స్పీకర్లలో అవ్వ గొంతు ముద్దగా వస్తోంది, ఆ ముద్దలోంచి ఒక్కొక్క మాటా విడిపోయి సుశీల పెదవుల మీద నాకు కనపడింది.

"అంకుశం మీద ఉత్తగ కోపం చేసిన బిడ్డా. ఎనుకకెల్లి పిలిస్తె పలుకకపాయె. తల్లి అక్కెర తీరింది వీనికనుకున్న. ఇటు అచ్చేనాడు సుత వాని ఎనుక నిలవడి పోయొస్త కొడుకా అన్న. మల్లొక్కపారి అన్న. మర్లి చూడలే. రైల్ల కూసున్నంక సోయికచ్చింది. సాంచాలు బందున్నా సుత సుశీల వానితోని పెదవులతోనే మాట్లాడుతది."

ఇక్కడ సుశీల ఆగిపోయింది. ముసలాయన క్యాసెట్ ఆపాడు. నేను కానిమ్మన్నాను.

"వాడు నన్ను కాదనలే. వానికి ఇనవడ్తలేదు. సాంచాలు తిన్నయ్ వాని చెవులు. నువ్వు చెప్పకు వానికి, సిగ్గువడ్తడు. మల్ల పోయినప్పుడు ఎదురుంగ నిలవడి చెప్త, పోయొస్త అని."

అంతే ఉంది. ఆ తర్వాత నీ కత్తెర ఒక్కటే ఉన్నదట, సుశీల వేళ్లు ఆడించి చూపించింది.

అవ్వ చెప్పకుండా పోలేదు అక్కా. నా వెనుకే నిలబడి, సాంచాలు ఆగి ఉన్న షెడ్డులో, చెప్పే పోయింది. జవాబు నేను ఇయ్యలేదు. ఏడాది పాటు గడప మీద నిలబడ్డ మాట అది. నేను లేచి నిలబడి "పోయిరా అవ్వా" అన్నాను. మా సాంచాల వాళ్ల గొంతు నీకు తెలుసు కదా, గట్టిగానే అని ఉంటాను. సుశీల చెవులు మూసుకోలేదు, నా చెయ్యి పట్టుకుంది. గాజు గోడ అవతల ఇద్దరు ముగ్గురు నిలబడి చూస్తున్నారు. వాళ్లకు నా పెదవులు కదలడం మాత్రమే కనపడి ఉంటుంది.

ముసలాయన ఏ సెట్టు కావాలని అడగలేదు. క్యాసెట్ రుమాలులో చుట్టి ఇచ్చి, తలుపు దాకా వచ్చాడు. నేను సెట్టు కొనలేదు. ఇంట్లో ఉన్న పాత టేపురికార్డరే చాలు. వినేది సుశీల, చూసేది నేను. థానేలో చెవుల డాక్టరుకు చూపించాను. పోయింది తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోమన్నాడు. మా షెడ్డులో పనివాళ్లందరికీ చెవుల్లో దూది పెట్టిస్తున్నాను. మొదట నవ్వారు. హనుమాండ్లుకు నేనే ఎదురుగా నిలబడి సంగతి చెప్పాను. వాడు నా పెదవుల వైపు చూసి, దూది అడిగి తీసుకున్నాడు.

నిన్ను అన్న మాటలకు ఉత్తరంలో క్షమాపణ రాస్తే తీరదు. అవ్వ ఏడాది మాసికానికి నేను అక్కడికి వస్తాను. ఆ తర్వాత నువ్వూ బావా ఇక్కడికి రండి, కత్తెర కూడా తెచ్చుకో, బీడీ ఆకు నేను తెప్పిస్తాను. ఎన్నాళ్లైనా ఉండండి. పోయేనాడు మాత్రం, అక్కా, నేను ఏ పనిలో ఉన్నా సరే, చుట్టు తిరిగి నా ఎదురుగా వచ్చి నిలబడి చెప్పు.

నీ తమ్ముడు
అంకుశం